పాత సైన్స్ బ్లాకును కూల్చాలా, బాగుచేసి పెంచాలా?

పూర్వ విద్యార్థి (బీఎస్సీ, ఎంపీసీ)

మా డెల్టా పట్టణంలోని డిగ్రీ కళాశాల సైన్స్ బ్లాకు మీద రెండు ప్రతిపాదనలు నడుస్తున్నాయి. సున్నపు గోడలు, మద్రాసు టెర్రస్ కప్పు ఉన్న రెండంతస్తుల పాత భవనాన్ని పడగొట్టి అక్కడే నాలుగంతస్తులు లేపడం ఒకటి. దాన్ని బాగుచేసి, వెనుక ఖాళీ స్థలంలో కొత్త ల్యాబులు కట్టి, రెండింటినీ వరండాతో కలపడం రెండోది. పూర్వ విద్యార్థుల సమావేశంలో ఏదో ఒకటి తేల్చాలి. నేను రెండోదాని పక్షం, అది మన వారసత్వ కట్టడం.

మొన్న వెళ్లి చూశాను. కెమిస్ట్రీ ల్యాబు గోడ కిటికీ మట్టం దాకా ఉబ్బి పెళ్లలు రాలుతున్నాయి. ఒక పెళ్లను గిల్లి చూస్తే సున్నం కాదు, సిమెంటు. ఎప్పుడో మరమ్మతు పేరిట సున్నపు గోడకు సిమెంటు పూత వేశారు. నేలలోంచి ఎక్కిన తేమను సున్నం మెల్లగా బయటికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. పైగా సింకుల కింది ఇనుప గొట్టాలను ఆమ్లం తినేసింది, ఆ నీరంతా గోడ మొదట్లోకే దిగుతోంది. నేరం గొట్టానిదీ పూతదీ అయితే ఉరిశిక్ష భవనానికా?

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

మీరు చూసి వెళ్లారు, మేము అందులోనే పనిచేస్తున్నాం. వారసత్వ కట్టడం అనే మాట వింటే నాకు దగ్గు వస్తుంది, అదీ అక్షరాలా.

సాల్ట్ అనాలసిస్ (లవణంలో ఏమున్నదో తేల్చే ప్రాక్టికల్) రోజున ఒకసారి రండి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారుచేసే కిప్స్ పరికరం ఒక మూల, దాని కుళ్లిన గుడ్ల వాసన గది నిండా. పక్క బల్ల మీద గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, దాని ఎదుటే అమోనియా సీసా. రెండు మూతలూ తెరిస్తే మధ్యలో తెల్లని పొగ. పొగలను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంది, ఫ్యాను తిరగదు, లోపల పాత రికార్డు పుస్తకాలు పేర్చి ఉన్నాయి. గది మొత్తానికి ఒకటే తలుపు. మంటలంటుకుంటే ఆ చివరి బల్ల దగ్గరి పిల్లలు ఎటు పోవాలి?

హుడ్ పనిచేయాలంటే దాని ముఖద్వారం దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి లాగబడాలి, గొట్టం కప్పును దాటి పైకి పోవాలి. ఆ మద్రాసు టెర్రస్‌కు రంధ్రాలు పెడతారా? పాత గోడలకు రంగులేసి ఊరుకుంటే అది పైన పటారం, లోన లొటారం.

సివిల్ ఇంజనీరు

మేడమ్ గారి బాధ న్యాయమైనదే, కానీ దానికి కూల్చివేత మందు కాదు. మద్రాసు టెర్రస్ అంటే దగ్గరదగ్గరగా వేసిన కర్ర దూలాల మీద ఇటుకలను ఐమూలగా నిలబెట్టి, సున్నంతో బిగించి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు దట్టించిన కప్పు. దూలం తెగకుండా ఒకటి రెండు గొట్టాలు పంపవచ్చు గానీ డజను హుడ్‌లకు అది చోటు కాదు. కాబట్టి కెమిస్ట్రీని కొత్త బ్లాకు పై అంతస్తుకు మార్చండి, గొట్టాలు పొట్టిగా నేరుగా కప్పు దాటుతాయి.

ఫిజిక్స్‌ను మాత్రం పాత భవనం కింది అంతస్తులోంచి కదపవద్దు. సన్నని విద్యుత్తును కొలిచే అద్దం గాల్వనోమీటరుకు, కాంతిని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటరుకు కదలని ఆధారం కావాలి, ఆ లావుపాటి గోడలు దాన్ని ఊరికే ఇస్తున్నాయి.

వరండాతో కలపడం దగ్గర జాగ్రత్త. ఇక్కడిది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పాత కట్టడం దిగాల్సినంత ఎప్పుడో దిగిపోయింది, కొత్తది ఇప్పుడు దిగడం మొదలుపెడుతుంది. రెండింటినీ ఒకే స్లాబుతో కట్టేస్తే మొదటి వానాకాలానికే అతుకు దగ్గర పగులు. పునాదులు వేరుగా ఉండాలి, మధ్యలో సందు వదలాలి.

లెక్కలవాడు

డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఉన్నత విద్యకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే రూసా పథకంలో కళాశాలల మౌలిక వసతుల నిధిని 35:35:30గా విడగొట్టారు: కొత్త నిర్మాణానికి 35 శాతం, ఉన్నదాన్ని బాగుచేయడానికి 35, పరికరాలకు 30. కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఆ పథకమే 2023లో పీఎం ఉషగా మారింది. ఈ విభజన వెనుక ఒక ఇంగితం ఉంది. మొత్తం గోడలకే పోస్తే చివరికి నాలుగు అంతస్తులు ఉంటాయి, తూచడానికి తక్కెడ ఉండదు.

డిగ్రీ విద్యార్థి తండ్రి

ఇంతకీ ఈ ల్యాబుల్లో ఎంతమంది ఉంటారు? ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి ఒకే మేజర్ పద్ధతి, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి తెచ్చారు. మా అబ్బాయి తరగతిలో అందరి చూపూ కంప్యూటర్ సైన్స్ మీదే. జువాలజీలో జంతువుల కోతను ఆపమని యూజీసీ 2014లోనే చెప్పింది, అయినా కొత్త ప్లానులో కోత బల్లల గది పాత కొలతలతోనే ఉంది. ఎవరూ సిలబస్ చూడకుండానే గీసినట్టున్నారు. ఇంకొకటి, 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా మెట్లు తప్ప దారి లేని పై అంతస్తులో బోటనీ ల్యాబు ఏమిటి? లిఫ్టు, ర్యాంపు లేని ప్లానుకు నేను చెయ్యెత్తను.

హైదరాబాదు నుంచి

ఉస్మానియా ఆసుపత్రిని చూసైనా నేర్చుకోండి. ఏళ్ల తరబడి మరమ్మతు మానేశారు. 2020 జూలై వానలకు పాత భవనం వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి, రోగులను ఖాళీ చేయించారు. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ముందు పాడుబెట్టడం, ఆపైన పాడైపోయిందని చెప్పడం.

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. వాదన సాగినన్నాళ్లూ మోకాలి లోతు నీళ్లలో ఉన్నది రోగులు. ఇక్కడ పొగ పీలుస్తున్నది మా పిల్లలు.

పూర్వ విద్యార్థి (బీఎస్సీ, ఎంపీసీ)

ఇంజనీరు గారి పంపకానికి నేను సరే. కెమిస్ట్రీ కొత్త దానికి, ఫిజిక్స్, తరగతి గదులు పాతదానికి. బోటనీ కింది అంతస్తుకు. కానీ కూల్చాలనే వారు ఒక్కదానికి జవాబు చెప్పాలి: కట్టే కాలమంతా ప్రాక్టికల్స్ ఎక్కడ పెడతారు? సైకిల్ షెడ్డులో బ్యూరెట్లు నిలబెడతారా? వెనుక స్థలంలో కడితే పాత ల్యాబు ఒక్క రోజు కూడా మూయనక్కర లేదు.

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

అయితే తీర్మానంలో వరుస రాయండి. ముందు, ఈ సెలవుల్లోనే, ఇప్పటి ల్యాబుకు రెండో తలుపు, హుడ్‌కు కొత్త ఫ్యాను, సింకులకు ఆమ్లం తినని ప్లాస్టిక్ గొట్టాలు. తరువాత రెండో తలుపు, హుడ్‌లు, లిఫ్టు ఉన్న కొత్త బ్లాకు. ఆ తరువాతే సిమెంటు పూత చెక్కి సున్నం వేయడం. భవనం ముఖద్వారానికి రంగులు, దాతల పేర్ల పలక అన్నింటికంటే చివర. ఆ వరుస తారుమారైతే మాత్రం సమావేశంలో మొదట లేచేది నేనే.