యూనో, ఈఎస్పీ32 రెండింటికీ కలిపి ఒకే రీసెట్ బటన్ పెట్టొచ్చా?

ప్రశ్న:
బోరు మోటారు కోసం ఒకే డబ్బాలో ఆర్డుయినో యూనో, ఈఎస్పీ32 డెవ్‌కిట్ అనే రెండు చిన్న కంట్రోలర్ బోర్డులు పెట్టాను. ట్యాంకులో నీళ్ళు చూసి రిలే వేసేది యూనో, ఆ సంగతి వైఫైలో ఫోన్‌కి పంపేది ఈఎస్పీ. రెండూ సీరియల్‌లో, అంటే వైర్ల మీద ఒక్కో బిట్టుగా పంపుకుంటూ, మాట్లాడుకోవాలి. బయట మాత్రం ఒక్క బటనే ఉండాలి, ఎందుకంటే మోటారు దగ్గర ఉండేది మా నాన్న, ఏ బోర్డు ఆగిందో ఆయనకెలా తెలుస్తుంది. అందుకని యూనో రీసెట్‌నీ, ఈఎస్పీని రీసెట్ చేసే ఇఎన్ పిన్నునీ ఒకే వైరుతో కలిపి బటన్‌కి ఇచ్చాను. అప్పటి నుంచి యూనోకి కోడ్ ఎక్కడం లేదు, "నాట్ ఇన్ సింక్" అంటోంది. ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది కూడా.

జవాబు 1:
ముందు ఆ వైరు తీసేయండి. యూనో రీసెట్ పిన్ 10 కిలో ఓమ్ రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టి ఉంటుంది, ఈఎస్పీ బోర్డులో ఇఎన్ కూడా మామూలుగా 10 కిలో ఓమ్‌తోనే, కానీ 3.3కి. కలిపేస్తే లెక్క ప్రకారం 4.2 దగ్గర నిలబడాలి. ఈఎస్పీ హద్దు 3.6, అంటే దానికి ఎక్కువ. యూనో మీదున్న చిప్ ఏటీమెగా328పీ, దాని రీసెట్ పిన్నుకేమో కచ్చితంగా హై (అంటే 1) అనిపించాలంటే 4.5 కావాలి, అంటే దానికి తక్కువ. రీస్టార్ట్‌లు అందుకే అనుకుంటున్నాను. కోడ్ ఎక్కేటప్పుడు యూఎస్‌బీ చిప్ 100 నానోఫారడ్ కెపాసిటర్ గుండా రీసెట్‌ని క్షణం పాటు కిందికి లాగుతుంది, ఇఎన్ దగ్గరున్న కెపాసిటర్ ఆ కుదుపుని మింగేస్తోంది, కోడ్ ఎక్కకపోవడం అందుకే.

రెండు షాట్కీ డయోడ్లు (తక్కువ వోల్టేజ్ మింగే రకం) తెచ్చుకోండి, 1ఎన్5819 చాలు. ఒకదాని యానోడ్ రీసెట్‌కి, ఇంకోదానిది ఇఎన్‌కి, క్యాథోడ్లు రెండూ కలిపి బటన్‌కి, బటన్ రెండో కాలు గ్రౌండ్‌కి. ఇక ఒకదాని వోల్టేజ్ ఇంకోదానిలోకి పోదు. 1ఎన్4148 వద్దు, దాని మీద దాదాపు 0.6 వోల్టు నిలిచిపోతుంది, యూనో రీసెట్ 0.5 కిందికి దిగాలని డేటాషీట్ చెబుతోంది.

జవాబు 2:
సీరియల్ సంగతి కూడా చూసుకోండి. యూనో టీఎక్స్ (పంపే పిన్) నుంచి వచ్చేది 5 వోల్టులు, దాన్ని 1కె, 2కె రెసిస్టర్లతో విడగొడితే 3.3 వస్తుంది, అదే ఈఎస్పీ ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్) ఇవ్వాలి. ఈఎస్పీ టీఎక్స్ నుంచి యూనోకి నేరుగా ఇవ్వొచ్చు, 3.3ని యూనో హైగానే చదువుతుంది. గ్రౌండ్లు కలపడం మరిచిపోవద్దు. యూనో డీ0, డీ1 యూఎస్‌బీకి కూడా అవే కాబట్టి సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో వేరే పిన్నులు వాడండి, 9600 వేగం మీ పనికి సరిపోతుంది. ఈఎస్పీ వైపు 16, 17 పిన్నులు తీసుకోండి, మాడ్యూల్ మీద రోవర్ అని ఉంటే మాత్రం వేరేవి, అందులో ఆ రెండూ పీఎస్ర్యామ్ అనే అదనపు మెమరీకి పోయాయి.

ఇంకోటి, బటన్ నొక్కాక బూట్‌లోడర్ (కొత్త కోడ్ వస్తుందేమో చూసే చిన్న ప్రోగ్రాం) వల్ల యూనో ఓ సెకను ఆలస్యంగా లేస్తుంది. ఆలోగా ఈఎస్పీ పంపింది గాల్లో కలిసిపోతుంది. యూనో "రెడీ" అని పంపాకే ఈఎస్పీ మొదలుపెట్టేలా రాయండి. ఆ సెకను పాటు రిలే పిన్ కూడా హై, లో ఏదీ కాకుండా గాల్లోనే ఉంటుంది, హై ఇస్తే పడే రిలే అయితే ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కి 10కె పెట్టండి, లేకపోతే బటన్ నొక్కగానే మోటారు తన్నుకోవచ్చు.

అడిగినవారు:
డయోడ్లు పెట్టాను అన్నా, యూనోకి కోడ్ మొదటిసారికే ఎక్కింది. రీసెట్ దగ్గర 5, ఇఎన్ దగ్గర 3.3 చూపిస్తోంది మీటరు. రిలే దగ్గర 10కె లేదు, రేపు నాన్న మోటారు వేసేలోపే పెట్టేస్తాను.