కొత్త షుగర్ మీటర్ తప్పు చూపిస్తోంది, ఎవరైనా దారి చెప్పండి

పరిచర్యలో ఇద్దరం:
అందరికీ వందనాలు. సువార్త సేవకు వేరే దేశం వచ్చాం. పొద్దుటి నుంచి ఈ మీటర్‌తోనే కుస్తీ పడుతున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మీటర్ కింద పడి పగిలితే ఇక్కడే కొత్తది కొన్నాం. మా ఆవిడకు చూస్తే 3.4 అంటుంది, కాసేపాగితే 3.1 అంటుంది. పాతదాంట్లో ఎప్పుడు చూసినా 140, 160 ఉండేది. బ్యాటరీ మార్చాను, కొత్త స్ట్రిప్స్ డబ్బా విప్పాను, చేతులు కడిగించి మళ్ళీ చూశాను. నాకు షుగర్ లేదు, నా వేలు గుచ్చి చూసినా 5.6 అంటుంది. వాడే విధానం మొత్తం ఇక్కడి భాషలో ఉంది. పలకరింపులు, చిన్న ప్రార్థన వరకూ వచ్చు గానీ చదవడం ఇద్దరికీ రాదు. కొన్నచోటికి తీసుకెళ్తే బాగానే ఉందని తిప్పి పంపారు. సాయంత్రం స్త్రీల కూడిక ఆవిడే నడిపించాలి. దీన్ని సరిచేయడం ఎలా?

రిటైర్డ్ ఫార్మసిస్ట్:
అంకె కింద ఏ యూనిట్ ఉంది?

దూరదేశం:
బ్రదర్, అరవై దాటాక సేవకు బయల్దేరేవాళ్ళకు నేను మొదటి నుంచీ చెప్పేది ఒకటే. మీటర్లు రెండు తీసుకెళ్ళాలి. మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టుకోవాలి, విమానం కింద సామాన్లలో వేయకూడదు. అక్కడ గడ్డకట్టిందంటే ఇన్సులిన్ పనికిరాదు. మూత తీయనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రిజ్‌లో పై గడికి ఆనించకూడదు. డాక్టర్ చీటీ మీద కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించుకోవాలి. కంపెనీ పేర్లు దేశదేశానికీ మారతాయి. ఇవన్నీ బయల్దేరే ముందు ఎవరూ పట్టించుకోరు, అక్కడికి వెళ్ళాక టెన్షన్ పడతారు.

రిటైర్డ్ ఫార్మసిస్ట్:
అవన్నీ తర్వాత. యూనిట్ చెప్పండి.

పరిచర్యలో ఇద్దరం:
ఎం, ఎం, ఓ, ఎల్, ఒక అడ్డగీత, మళ్ళీ ఎల్. చాలా చిన్న అక్షరాలు, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదివాను.

నర్సు చెల్లెలు:
అయ్యగారూ, ముందు అమ్మగారికి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. తర్వాత ఇది చదవండి.

మీటర్ బాగానే ఉంది. అది మిల్లీమోల్స్‌లో చూపిస్తుంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల అదే వాడుక. మనకు అలవాటైన లెక్క కావాలంటే 18తో గుణించాలి. మీ 5.6 అంటే 101, అది సరైన అంకే. అమ్మగారి 3.1 అంటే 56. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంటాం, 54 కంటే దిగితే ప్రమాదం. పావుగంట ఆగి మళ్ళీ చూడండి, పెరగకపోతే ఇంకోసారి చక్కెర ఇవ్వండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి.

ఆవిడకు చెమటలు, వణుకు, తికమక ఉన్నాయా? ఇన్సులిన్ తీసుకుంటారా? ఏది, ఎంత?

పరిచర్యలో ఇద్దరం:
ఇచ్చాను. ఇప్పుడు 4.7 ఉంది. మాట తేటగా వస్తోంది.

మొన్నటి నుంచి చెమటలు పడుతున్నాయి. నిన్న ఒకరింట్లో వాక్యం చదువుతూ అదే వచనం రెండుసార్లు చదివింది. మెట్లెక్కి ఇల్లిల్లూ తిరుగుతున్నాం కదా, అలసటే అనుకున్నాం. ఇన్సులిన్ ఎప్పటిలాగే పొద్దున పది. తెచ్చుకున్న బుడ్డి అయిపోతే ఇక్కడ అదే మందు కొన్నాం. సిరంజిలు ఇంటి నుంచి తెచ్చినవే, ఇంకా చాలా ఉన్నాయి.

రిటైర్డ్ ఫార్మసిస్ట్:
ఆ సిరంజితో ఇక ఒక్క చుక్క కూడా ఎక్కించకండి. కొత్త బుడ్డి మీద 100 అని ఉంటుంది, సిరంజి మీద యు-40 అని ఉంటుంది. చూసి చెప్పండి.

దూరదేశం:
యు-100 అంటే పవర్ ఎక్కువ. డోస్ సగానికి తగ్గిస్తే సరిపోతుంది.

రిటైర్డ్ ఫార్మసిస్ట్:
సరిపోదు, ఈ మాటతోనే జనం దెబ్బతింటున్నారు. డోస్ మారదు, పది యూనిట్లు ఎక్కడైనా పది యూనిట్లే. మారేది చిక్కదనం. యు-40లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, యు-100లో 100. యు-40 సిరంజిలో పది గీత వరకూ లాగితే పావు మిల్లీలీటరు వస్తుంది. పాత బుడ్డి నుంచి అది పది యూనిట్లు. కొత్త బుడ్డి నుంచి అదే గీతకు 25 యూనిట్లు. సగం చేసినా పన్నెండున్నర, అంటే ఎక్కువే. గీతలతో లెక్కలు వేసుకోవద్దు. ఏ బుడ్డికి ఆ సిరంజి, అంతే. ఇండియాలో యు-40 బుడ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి, చాలా దేశాల్లో యు-100 తప్ప దొరకదు. మూత సాధారణంగా యు-40కి ఎరుపు, యు-100కి నారింజ. రంగును నమ్ముకోకండి, సిరంజి మీద అచ్చు చదవండి.

దూరదేశం:
వాడుక భాషలో అందరూ పవర్ అనే అంటారు కదండీ. డాక్టర్లు కూడా అంటారు.

రిటైర్డ్ ఫార్మసిస్ట్:
అనొచ్చు. సిరంజి పట్టుకున్నప్పుడు అనకూడదు.

గలిలయ తీరం:
దైవజనులకు వందనాలు. సేవా పొలంలో ఉన్నవారిని ప్రభువే కాపాడతాడు. కలవరపడకుండా ఇద్దరూ మూడు దినాలు ఉపవాస ప్రార్థనలో గడపండి. మందుల మీద ఆధారపడే కొద్దీ విశ్వాసం సన్నగిల్లుతుంది.

నర్సు చెల్లెలు:
బ్రదర్, ప్రార్థన మేమూ చేస్తున్నాం. ఇన్సులిన్ ఎక్కువైన మనిషిని పస్తు ఉంచితే ప్రాణం మీదికి వస్తుంది. బైబిల్లో పౌలు వెంట లూకా అనే వైద్యుడు ఉన్నాడు. 1793లో మిషనరీ విలియం కేరీ బెంగాల్‌కు వచ్చినప్పుడు పక్కన ఉన్న జాన్ థామస్ కూడా వైద్యుడే. సేవలో మందుకు చోటు కొత్తగా వచ్చింది కాదు.

అయ్యగారూ, ఇది ఇంట్లో కూర్చుని చూసుకునే విషయం కాదు. ఇప్పుడే భోజనం పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి, బుడ్డీ సిరంజీ రెండూ పట్టుకెళ్ళండి. పొద్దున ఎక్కించింది ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు, షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. రాత్రి కూడా చూడాలి. ఆవిడ బీపీకి ఎటెనోలాల్ లాంటి మాత్ర వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. దానివల్ల గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం కనిపిస్తుంది.

గృహ దర్శనాలకు వెళ్ళే రోజుల్లో ఇంకో జాగ్రత్త. వెళ్ళినచోట భోజనం ఎప్పుడు పెడతారో మన చేతిలో ఉండదు, వద్దనలేం, తొందరపెట్టనూ లేం. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే ఇంట్లో వేసుకుని బయల్దేరకండి. మెట్లు, నడక ఎక్కువున్న రోజు డోస్ ఏం చేయాలో డాక్టర్‌నే అడగండి. "నాకు షుగర్ వ్యాధి, ఇన్సులిన్ తీసుకుంటాను, తడబడితే తీపి ఇవ్వండి" అని ఆ భాషలో రాయించి ఆవిడ బైబిల్ సంచిలో ఒకటి, మీ జేబులో ఒకటి పెట్టుకోండి. అనువాదం చేసే తమ్ముడికి కూడా చెప్పి ఉంచండి. మీరు పక్కన లేనప్పుడు ఆవిడ గురించి మాట్లాడగలిగేది అతనొక్కడే.

పరిచర్యలో ఇద్దరం:
సిరంజి మీద యు-40, బుడ్డి మీద 100. అనువాదకుడు బండి తెచ్చాడు, వెళ్తున్నాం. కూడిక వేరే సహోదరి చూసుకుంటుంది. అందరికీ వందనాలు.

దూరదేశం:
పాత సిరంజిలు మళ్ళీ పొరపాటున చేతికి రాకుండా పారేయించండి. సూదులు గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రిలో ఇవ్వాలి, చెత్తబుట్టలో కాదు.

చిన్నక్క:
మా అత్తగారు, మామగారు కూడా వచ్చే నెల సేవకు వెళ్తున్నారు. ఇలాంటి మీటర్‌ను మన లెక్కకు మార్చుకోవచ్చా?

రిటైర్డ్ ఫార్మసిస్ట్:
చాలా మీటర్లలో కుదరదు. ఇక్కడి నుంచే తీసుకెళ్ళమనండి, స్ట్రిప్స్‌తో సహా.

చిన్నక్క:
ఆ స్ట్రిప్స్ అక్కడ దొరకకపోతే?