ఎంప్లాయ్‌మెంట్ లా సీట్లో ట్రైనీని, మనవాళ్ళు ఉద్యోగం పోయి ఫోన్ చేస్తే ఎంతవరకు చెప్పొచ్చు?

బర్మింగ్‌హాం ట్రైనీ:
అందరికీ నమస్తే. నేను బర్మింగ్‌హాంలో ట్రైనీ సొలిసిటర్‌ని. రెండేళ్ళ ట్రైనింగ్, ఆర్నెల్లకో సీటు, అంటే ఆర్నెల్లకో విభాగం, ఇది మూడోది. ప్రాపర్టీలో ఉన్నప్పుడు ఆఫీస్ దాటగానే పని మర్చిపోయేదాన్ని, ఎంప్లాయ్‌మెంట్‌కి వచ్చాక అలా కుదరట్లేదు.

మా ఫర్మ్ ఎక్కువగా కంపెనీల తరఫున చేస్తుంది. ట్రైబ్యునల్, అంటే ఉద్యోగ వివాదాలు తేల్చే కోర్టు, ఈటీ1 (కేసు వేసిన ఫారం) పంపిన రోజు నుంచి 28 రోజుల్లో మనం ఈటీ3 (దానికి జవాబు) వెయ్యాలి, ఆ డేట్ డైరీలో ఎక్కించేది నేనే, మేనేజర్లతో కూర్చుని స్టేట్‌మెంట్లు రాసుకునేది నేనే, బండిల్ (హియరింగ్‌లో చూసే కాగితాల కట్ట) కట్టేదీ నేనే. పోయిన నెల ఒక బండిల్ 640 పేజీలు, ఈమెయిల్స్, రోటాలు, పేస్లిప్పులు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు అన్నీ తేదీల వరసలో పెట్టి నంబర్లేశాక చూస్తే 212 తర్వాత ఒక పేజీ జారిపోయింది, అక్కణ్ణుంచి నంబర్లన్నీ మారి స్టేట్‌మెంట్లలో ఇచ్చిన పేజీలేవీ కలవలేదు, రాత్రి పదకొండింటిదాకా కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశా. హియరింగ్ రోజు అవతలి ఆవిడ లాయర్ లేకుండా ఒక్కతే వచ్చింది, షాపింగ్ సంచీలో అదే బండిల్, దాన్నిండా పసుపు రంగు స్టిక్కర్లు. జడ్జిగారు పేజీ నంబర్ చెప్తే వేళ్ళు వణుకుతూ వెతుక్కుంటోంది. ఆ నంబర్లు వేసింది నేను కదా, చూడలేకపోయా.

ఇప్పుడు అసలు విషయం. నేనిక్కడ లాయర్‌నని మా అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పింది. జూన్ 9 రాత్రి మా పిన్నివాళ్ళ ఊరి అన్నయ్య ఫోన్ చేశాడు, స్కిల్డ్ వర్కర్ వీసా మీద కేర్ హోమ్‌లో రెండున్నరేళ్ళు చేశాడు, "మార్చి 14న తీసేశారమ్మా, అప్పీల్ పెట్టా, ఆ రిజల్ట్ వచ్చాక కేసేద్దామనుకుంటున్నా" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ట్రైబ్యునల్‌లో కేసెయ్యడానికి మూడు నెలలకి ఒక రోజు తక్కువే ఉంటుంది, అంటే జూన్ 13తో గడువు అయిపోతుంది. "అన్నయ్యా ఇంకేం ఆలోచించకు, పొద్దున్నే ఏకాస్‌కి ఫోన్ చెయ్" అని మాత్రం చెప్పి పెట్టేశా (ఏకాస్ అంటే ఉద్యోగ తగాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ). ఫర్మ్ బయట సలహా ఇవ్వకూడదని తెలుసు. నేను చేసింది తప్పా? ఇంతకంటే చెప్పాల్సిందా?

లీడ్స్‌ నుంచి అక్క:
తప్పు కాదమ్మా. నేను క్లెయిమెంట్ల (కేసు వేసే ఉద్యోగుల) తరఫున ఆరేళ్ళుగా చేస్తున్నా. గడువుంది, ఫలానా చోటుకి ఫోన్ చెయ్ అనడం దారి చూపించడం, కేసు గెలుస్తావా ఎంతొస్తుంది అని చెప్పడం మొదలుపెడితే అది సలహా. గీత అక్కడ. కానీ రేపు పొద్దున్నే మీ సూపర్‌వైజర్‌కి చెప్పేయ్, ఆ కేర్ హోమ్ మీ ఫర్మ్ క్లయింటేమో కాన్‌ఫ్లిక్ట్ చెక్ చేయించు, అవతల పేరు తెలిశాక దాచిపెట్టుకోవద్దు.

ఆ అప్పీల్ సంగతి మాత్రం చదివేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోండి. కంపెనీలో అప్పీల్ నడుస్తున్నంత మాత్రాన ట్రైబ్యునల్ గడియారం ఆగదు. ఏకాస్‌లో ఎర్లీ కన్సిలియేషన్ (కేసుకి ముందు రాజీ ప్రయత్నం) మొదలుపెడితేనే ఆగుతుంది, అది ఫ్రీ, అప్పీల్ నడుస్తున్నా చెయ్యొచ్చు. నా దగ్గరికి ఒకాయన అయిదు రోజులు లేటుగా వచ్చాడు, పదకొండేళ్ళ సర్వీసు, హెచ్ఆర్ వాళ్ళు "రిజల్ట్ వచ్చేవారం" అని నెట్టుకుంటూ వచ్చారు. అన్యాయంగా తీసేశారన్న కేసులో లేటైతే, టైముకి వెయ్యడం నిజంగా వీలుపడలేదని చూపించాలి, అప్పీల్ కోసం ఆగాననే మాట చాలాసార్లు నిలబడదు. డిస్క్రిమినేషన్ అయితే జడ్జికి కొంచెం ఎక్కువ వెసులుబాటు ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ అనే 2025 చట్టం ఈ గడువుని ఆరు నెలలు చేస్తోంది, మీ కేసుకి ఏది వర్తిస్తుందో ఏకాస్‌నే అడగండి.

బండిల్ గురించి బాధపడకు, అవతలి మనిషికి చదవగలిగే బండిల్ కట్టడం కూడా న్యాయమే. లాయర్ లేనివాళ్ళకి పేపర్ కాపీ ముందుగా పంపు, ఇండెక్స్‌లో "ఈమెయిల్" అని వదిలెయ్యకుండా ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో రాయి. మీ క్లయింట్‌కి దానివల్ల పోయేదేం లేదు.

పారాలీగల్ తమ్ముడు:
అక్కా నేను హైదరాబాద్‌లో లా చదివి వచ్చి ఇక్కడ లా సెంటర్‌లో పారాలీగల్‌గా (లాయర్లకి సహాయకుడిగా) చేస్తూ ఎస్‌క్యూఈ, అంటే సొలిసిటర్ అయ్యే పరీక్ష, రాస్తున్నా. మా దగ్గరికి కేర్ వర్కర్లు చాలామంది వస్తారు, అందరి మొదటి భయం వీసానే. ఉద్యోగం పోయిందని స్పాన్సర్ (వీసా ఇప్పించిన యజమాని) వీసాలు చూసే హోం ఆఫీస్‌కి చెప్పాక మామూలుగా ఉత్తరం వస్తుంది, వేరే స్పాన్సర్‌ని చూసుకోడానికి ఎక్కువగా 60 రోజులిస్తారు. ఆ కంగారులో ట్రైబ్యునల్ గడువు మర్చిపోతారు, రెండూ వేర్వేరు లెక్కలని మీ అన్నయ్యకి చెప్పండి. జీతం బకాయి ఉంటే, ఆ కేసుకి ఇన్నేళ్ళ సర్వీసు ఉండాలన్న షరతు లేదు. సిటిజన్స్ అడ్వైస్ గానీ దగ్గర్లోని లా సెంటర్ గానీ డబ్బుల్లేకుండా చూస్తారు. వీసా విషయం మాత్రం వాట్సాప్ ఏజెంట్లని అడగనివ్వకండి, అనుమతి లేనివాళ్ళు ఆ సలహా ఇవ్వడం ఇక్కడ నేరం.

ట్రైబ్యునల్‌కి ఫీజు కట్టాలని కూడా చాలామంది అనుకుంటారు. 2013లో పెట్టారు, యూనిసన్ యూనియన్ వేసిన కేసులో 2017లో సుప్రీం కోర్టు కొట్టేసింది.

బర్మింగ్‌హాం ట్రైనీ:
అక్కా, తమ్ముడూ, చాలా థాంక్స్. సూపర్‌వైజర్‌కి చెప్పా, ఆవిడ కోప్పడలేదు, కాన్‌ఫ్లిక్ట్ ఏం లేదు, నేను కేసు గురించి ఇంకేం మాట్లాడొద్దని, లా సెంటర్ నంబర్ ఇవ్వమని చెప్పారు. ఇచ్చా. అన్నయ్య 10న పొద్దున తొమ్మిదింటికే ఏకాస్‌లో పెట్టేశాడట, రిఫరెన్స్ నంబర్ వచ్చిన ఈమెయిల్ ఫోటో పంపాడు. గురువారం ఇంకో హియరింగ్ ఉంది, అవతల మళ్ళీ లాయర్ లేరు, ఇండెక్స్ మొత్తం తిరగరాస్తున్నా.