పబ్బు పాంటూన్‌కి పడవ కట్టి భోంచేసి వచ్చేసరికి బురదలో కూర్చుంది: ఎక్కడ పొరపాటు చేశాను?

ప్రశ్న (సౌతాంప్టన్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఐదు మీటర్ల చిన్న పడవ, వెనక అవుట్‌బోర్డ్ ఇంజిన్. కొని ఏడు నెలలైంది. ఏప్రిల్లో ఒక శనివారం, కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారినీ మా ఆవిడనీ పాపనీ ఎక్కించుకుని నది ఒడ్డున ఉన్న ఒక పబ్బుకి భోజనానికి వెళ్ళాను. పన్నెండున్నరకి చేరాం. నీళ్ళు నిండుగా ఉన్నాయి. పాంటూన్ (పడవలు కట్టే, నీళ్ళ మీద తేలే వేదిక) బయటి వైపంతా పడవలే, లోపలి వైపు మాత్రం ఖాళీ. అదృష్టం అనుకుని అక్కడ కట్టేశాను.

భోంచేసి, ఒడ్డు వెంట కాసేపు నడిచి ఐదింటికి వచ్చి చూస్తే పడవ బురదలో ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇంజిన్ పైకెత్తలేదు, దాని కాలు బురదలో దిగబడింది. మధ్యాహ్నం చదునుగా ఉన్న, ఒడ్డు నుంచి పాంటూన్‌కి వెళ్ళే వంతెన మెట్లబావిలోకి దిగుతున్నంత వాలుగా మారింది. అత్తయ్యగారు రెండడుగులు వేసి ఆగిపోయారు. వాళ్ళని టాక్సీలో పంపించేశాను. పడవ తేలేసరికి ఎనిమిది అయింది, చీకటి పడింది. మా పడవకి రాత్రి దీపాలు లేవు. పబ్బువాళ్ళని బతిమాలి రాత్రికి అక్కడే ఉంచి, మర్నాడు పదకొండింటికి వెళ్ళి తెచ్చుకున్నాను.

ఆ రోజు పక్క పడవాయన "తాడు పొడుగ్గా వదలాల్సింది" అన్నాడు. నా తప్పు తాడులోనే ఉందా? ఇంకో సంగతి: కట్టేటప్పుడు కూడా పాంటూన్‌ని గట్టిగా గుద్దాను. ఇంజిన్ వెనక్కి తిప్పినా ఆగలేదు. దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు (గోస్పోర్ట్ నుంచి)

తమ్ముడూ, తాడుతో వచ్చిన చిక్కు కాదిది. పాంటూన్ నీళ్ళ మీద తేలుతుంది, పోటుకి నీతో పాటే లేస్తుంది, పాటుకి నీతో పాటే దిగుతుంది. దానికి తాడు దగ్గరగా కట్టాలి. ఆయన చెప్పింది కదలని రాతిగోడకి కట్టినప్పటి మాట. గోడకి కురచగా కట్టి వెళ్ళిపోతే నీళ్ళు నాలుగు మీటర్లు దిగాక పడవ తాడుకి వేలాడుతుంది.

నువ్వు వెళ్ళిన రోజు పౌర్ణమికో అమావాస్యకో దగ్గరై ఉంటుంది, పంచాంగం తీసి చూడు. కాకినాడలో పోటుకీ పాటుకీ తేడా బాగా పెరిగిన రోజున కూడా సుమారు మీటరున్నర. సౌతాంప్టన్‌లో ఆ రోజుల్లో నాలుగు మీటర్లు. సగటున పెద్ద పోటు 4.5 మీటర్లకి లేస్తుంది, పెద్ద పాటు 0.5 దాకా దిగుతుంది. అష్టమి దాటాక వచ్చే చిన్న పోటు 3.7, చిన్న పాటు 1.8. అంటే తేడా రెండు మీటర్లు కూడా ఉండదు.

ఇక్కడ పడవ నడిపే మనవాళ్ళందరికీ నేను ముందు చెప్పేది ఒకటుంది. సోలెంట్ (వైట్ దీవికీ ఇంగ్లండ్ తీరానికీ మధ్య ఉన్న జలసంధి) తీరంలో పెద్ద పోటు ఎప్పుడూ దాదాపు ఒకే వేళకి వస్తుంది. పున్నమి, అమావాస్యల దగ్గర వేసవి గడియారం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య నీళ్ళు నిండుగా ఉంటాయి, సాయంత్రం ఐదున్నర, ఏడు మధ్య అట్టడుగుకి పోతాయి. మధ్యాహ్న భోజనానికి వచ్చినవాళ్ళకి రేవు నిండుగా కనిపిస్తుంది, సాయంత్రానికి బురద తేలుతుంది. నీకు జరిగింది అదే. అష్టమి దాటిన రెండు రోజులకి ఇది తిరగబడుతుంది. పోటు సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య వస్తుంది, అదీ చిన్న పోటు. నెమ్మదిగా రాత్రి భోజనం చెయ్యడానికి అనువైన రోజులవి.

ఈ ఊరి నీటికి ఇంకో గుణం ఉంది. సౌతాంప్టన్‌లో పోటు రెండుసార్లు వస్తుంది. మొదటిసారి నిండాక కొంచెం తగ్గి, సుమారు రెండు గంటలకి మళ్ళీ నిండుతుంది. ఆ రెండు గంటలూ నీళ్ళు కదలనట్టే ఉండేసరికి "ఇంకా చాలా టైముంది" అనిపిస్తుంది. ఆ తర్వాత నాలుగు గంటల లోపలే మొత్తం ఖాళీ అయిపోతుంది, గంటకి మీటరుకి మించి దిగుతుంది. కాఫీ తాగి లేచే లోపల నీ పడవ కింద నీళ్ళు ఉండవు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, నిజమే, ఆ ముందు రోజే పున్నమి. అయితే నేను పోటు పట్టిక చూసుకునే బయల్దేరాను. అందులో పాటు వేళ నాలుగున్నర దాటాక అని ఉంది. అదీ కలవలేదు. పైగా ఏ అంకె ఎక్కడి నుంచి కొలుస్తారో నాకు అర్థం కాలేదు.

జవాబు (గోస్పోర్ట్ నుంచి)

పట్టిక యూటీలో ఉండుంటుంది, అంటే శీతాకాలపు గడియారం. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా దానికి గంట కలపాలి. కొన్ని పట్టికల్లో, ఫోన్ యాప్‌లలో ముందే కలిపి ఇస్తారు. పేజీ మీద ఏం రాశారో చూడకుండా కలిపితే ఒక రకం తప్పు, కలపకపోతే ఇంకో రకం తప్పు.

అంకెలు చార్ట్ (పడవలవాళ్ళ సముద్ర పటం) సున్నా నుంచి కొలుస్తారు. చంద్రుడి వల్లా సూర్యుడి వల్లా నీళ్ళు దిగగలిగినంత దిగితే వచ్చే మట్టం అది. చార్టు మీద అంకె కింద గీత ఉంటే, ఆ చోటు నేల సున్నాకన్నా అంత పైన ఉందని అర్థం. నీ పాంటూన్ లోపలి వైపు నేల 0.9 మీటర్లు పైన ఉందనుకుందాం. పున్నమి పాటు 0.5, అంటే నీళ్ళు నేలకన్నా కిందికి పోయాయి, ఉత్త బురదే మిగిలింది. అదే చిన్న పాటు 1.8 రోజున అక్కడ 0.9 మీటర్ల లోతు ఉంటుంది. ఇంజిన్ దించితే నీ పడవకి 0.6 కావాలనుకో, అప్పటికీ 0.3 మిగిలింది. అదే చోటు, అదే పడవ, రోజు మాత్రం వేరు.

ఆ 0.3ని నమ్ముకుని నిద్రపోకు. గాలి పీడనం 1013 మిల్లీబార్ల కన్నా ఎంత ఎక్కువుంటే నీళ్ళు సుమారు అన్ని సెంటీమీటర్లు తగ్గుతాయి. ఎండ కాసి నిర్మలంగా ఉన్న రోజున 1033 ఉంటే 20 సెంటీమీటర్లు పోయినట్టే. ఇంకొకటి, ఆరు గంటల్లో మారే నీటి ఎత్తుని పన్నెండు భాగాలు చేసే లెక్క ఎవరైనా నేర్పితే ఇక్కడ వాడకు. స్వానేజ్ నుంచి సెల్సీ దాకా ఉన్న రేవులకి పాటు వేళని ఆధారం చేసుకుని గీసిన ప్రత్యేక వక్రరేఖలు ఉన్నాయి. అవే చూడాలి.

జవాబు (కౌస్, వైట్ దీవి నుంచి)

మీరు గుద్దిన సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. మీరు ప్రవాహంతో పాటు వచ్చారు, అందుకే ఆగలేదు. పోటు వేళ నది ఎగువకి పారుతుంది, పాటు వేళ దిగువకి. పాంటూన్ దగ్గరికి వెళ్ళే ముందు నది మధ్యలో లంగరు బోయాలకి కట్టిన పడవలు చూడండి. వాటి ముక్కులు ఎటు ఉన్నాయో ప్రవాహం అటు నుంచి వస్తోందని అర్థం. గాలి బాగా ఉంటే తేలికపాటి పడవలు మోసం చేస్తాయి, లోతుగా మునిగే బరువైన పడవలు చూడాలి. మీరూ అటే ముక్కు పెట్టి వెళ్ళండి. ఇంజిన్‌ని మెల్లగా ముందుకి ఆడిస్తే నీళ్ళే మీ పడవని పట్టి ఆపుతాయి. దానికోసం పాంటూన్ దాటిపోయి వెనక్కి తిరిగి రావాల్సి వచ్చినా సరే, తిరగండి.

ఫెండర్లు (పడవ పక్కన దెబ్బ తగలకుండా వేలాడదీసే మెత్తలు), తాళ్ళు ముందే సిద్ధంగా ఉండాలి, అదీ రెండు వైపులా. మీ బయటి పక్కకి ఇంకో పడవ వచ్చి కట్టుకోవచ్చు, ఇక్కడ అది మామూలే. మొదట పడవ మధ్యలో ఉన్న క్లీట్ (తాడు చుట్టే కొక్కెం) తాడు వెయ్యండి. ఒక్కటే అయినా పడవ చాలా వరకు నిలుస్తుంది. తర్వాత ముక్కు తాడు, వెనక తాడు, చివరగా స్ప్రింగ్‌లు అనే ఏటవాలు తాళ్ళు: ముక్కు నుంచి పాంటూన్ మీద వెనక్కి ఒకటి, పడవ వెనక నుంచి ముందుకి ఒకటి. ఈ రెండూ లేకపోతే ఫెర్రీ పోయిన ప్రతిసారీ పడవ ముందుకీ వెనక్కీ ఊగి ఫెండర్ల మీంచి జారిపోతుంది. పాంటూన్ మీదికి ఎవర్నీ దూకనివ్వకండి, అడుగు వేసి దిగేంత దగ్గరికి వచ్చాకే దిగాలి. పడవ ఆగకపోతే కాలో చెయ్యో అడ్డం పెట్టడం మరీ ప్రమాదం. మా ఇంట్లో ఒక వేలు అలాగే పోయింది.

అత్తయ్యగారి విషయం నన్ను బాగా తాకింది. మా అమ్మని కూడా ఇలాగే తీసుకెళ్ళాను. పెద్దవాళ్ళు ఉన్నప్పుడు లోతు ఒక్కటే లెక్క కాదు, వంతెన వాలు కూడా లెక్కే. పున్నమి పాటుకి అది నిటారుగా ఉంటుంది, పాచి పట్టిన పలకలు జారతాయి. నిండు నీళ్ళ వేళ ఎక్కడం, దిగడం రెండూ అయిపోయేలా చూసుకోండి.

జవాబు (ఫాల్మత్ నుంచి)

మా కార్న్‌వాల్‌లో రెస్ట్రాంగెట్ క్రీక్ ఒడ్డున పండోరా ఇన్ ఉంది. 2011లో పైకప్పు గడ్డి తగలబడి, బాగుచేసి 2012లో మళ్ళీ తెరిచారు. దాని పాంటూన్ దగ్గర పాటుకి ఎండిపోతుంది. అది తెలిసినవాళ్ళు పోటుకి కాస్త ముందు వచ్చి, నీళ్ళు దిగడం మొదలుకాగానే లేచిపోతారు. ఏ పబ్బుకైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి: "పాటుకి ఎండుతుందా? ఏ వైపు? కొనన మాకు చోటుందా, వాటర్ టాక్సీకి వదలాలా?" వాళ్ళకి ఈ ప్రశ్నలు అలవాటే, విసుక్కోరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అత్తయ్యగారు మే నెలాఖరున వెళ్ళిపోతారు. ఆ లోపు నవమి, దశమి చూసుకుని సాయంత్రం మళ్ళీ తీసుకెళ్దామనుకుంటున్నాను. ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు (గోస్పోర్ట్ నుంచి)

మే నెలలో ఎనిమిదిన్నర దాటాక కూడా వెలుతురుంటుంది, ఎనిమిదింటికల్లా తాళ్ళు విప్పెయ్. పడవ నడిపేవాడు మందు ముట్టకూడదు, ఒక్క గ్లాసు కూడా. లైఫ్ జాకెట్లు పాంటూన్ మీదే తొడిగించు, పడవలో కూర్చున్నాక కాదు. కిల్ కార్డ్ (నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు) కాలికి చుట్టుకున్నాకే ఇంజిన్ స్టార్ట్ చెయ్యి. ఎండగా ఉన్నా నీళ్ళు ఇంకా చాలా చల్లగా ఉంటాయి. ఎవరైనా పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు. ఈదబోకుండా వెల్లకిలా తేలమని అందరికీ ముందే చెప్పు. వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానెల్, లేకపోతే 999 కొట్టి కోస్ట్‌గార్డ్‌ని అడుగు.

ఒక పని చెయ్. ఈ లోపు వచ్చే అమావాస్యకి సాయంత్రం ఆరింటికి కారులో ఆ పబ్బుకి వెళ్ళి, పాటులో పాంటూన్ చుట్టూ నేల ఎలా ఉందో ఫోటోలు తీసుకో.

ప్రశ్న అడిగినవారు

వెళ్ళాను అన్నా. లోపలి వైపు, నేను కట్టిన చోటుకి రెండు గజాల దూరంలో, పాత బోయా సిమెంటు దిమ్మ ఒకటి ఇనుప కడియంతో సహా బురదలోంచి పైకి తేలి ఉంది. ఆ రోజు పడవ ఇంకాస్త వెనక్కి కట్టి ఉంటే ఇంజిన్ సరిగ్గా దాని మీదే దిగేది. బయటి వైపు మాత్రం అంత పాటులోనూ నీళ్ళున్నాయి. దశమి సాయంత్రానికి బయటి వైపు చోటు అడిగి చెప్పించుకున్నాను.