క్రాంక్‌కి బిగుసుకుపోయిన ఫ్రీవీల్ ఊడి రావాలంటే ఏం చేయాలి?

నాది ట్రయల్స్ సైకిల్ (రాళ్లు, అడ్డంకుల మీద గెంతుతూ నడిపే రకం). దీనికి ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరగనిచ్చే పళ్ల చక్రం) వెనక చక్రానికి కాదు, కుడి క్రాంక్‌కే (పెడల్ ఉండే చేయి) మరలతో బిగించి ఉంటుంది. తొక్కే కొద్దీ బిగుసుకునే రకం కదా, రెండేళ్లకి మొండికేసింది. లోపల పాల్స్ (ఒక వైపే పట్టుకునే చిన్న కొక్కేలు) జారుతున్నాయి, మార్చక తప్పదు.

క్రాంక్ విప్పేసి, నాలుగు కొనల టూల్‌ని బెంచ్ వైస్‌లో పట్టించి, క్రాంక్‌నే అపసవ్య దిశలో తిప్పి చూశాను. టూల్ జారి ఫ్రీవీల్ గాట్లలో ఒకటి చెక్కుకుపోయింది (నా చెయ్యి కూడా కొంచెం). రాత్రంతా నూనె పోసి ఉంచినా లాభం లేదు.

ఇక మిగిలింది ఫ్రీవీల్‌ని పగలగొట్టడమే అనుకుంటున్నాను. పై మూత రింగుకి ఎడమ మర ఉంటుంది కాబట్టి సవ్య దిశలో కొట్టి విప్పి, బాల్స్ తీసేసి, లోపల మిగిలిన ఉక్కు భాగాన్ని వైస్‌లో బిగించి క్రాంక్ తిప్పాలని ఆలోచన. ఎవరైనా ఇలా చేశారా? వైస్ పట్టు జారకుండా ఆ భాగాన్ని రెండు పక్కలా ఆకురాయితో చదును చేయాలా? క్రాంక్ అల్యూమినియంది, మరలు పోతాయని భయం. వేడి చేయడం మంచిదేనా?