యూత్ క్లబ్‌లో హాబీలు, జీకే ఎలా నడిపిస్తున్నారు? క్విజ్ అంటేనే పిల్లలు నీరసపడిపోతున్నారు

శనివారం_సాయంత్రం:
అందరికీ వందనాలు. మా చర్చి యూత్ క్లబ్ బాధ్యత ఈమధ్యే నా మీద పడింది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు, వారానికి ఒక్కసారి కలుస్తాం. పాటలు, వాక్యం అయ్యాక చివరి గంట "హాబీలు, జనరల్ నాలెడ్జ్" అని ఎప్పటినుంచో ఉంది. హాబీ అంటే బొమ్మలు వేయడం, జీకే అంటే గైడ్ బుక్‌లోంచి ప్రశ్నలు చదవడం, అంతే. ప్రతి వారం ఆ ఇద్దరు ముగ్గురే జవాబులు చెప్తారు, మిగతావాళ్లు బల్ల కింద ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. అటు సంఘ పెద్దలేమో "ఈ గంటలో వాక్యం ఎక్కడుంది" అని అడుగుతున్నారు. ఇటు పిల్లలకు ఆసక్తి ఉండాలి, అటు పెద్దలకూ సమాధానం ఉండాలి, ఖర్చు పెద్దగా ఉండకూడదు. మీ దగ్గర ఏం నడుస్తోందో కాస్త వివరంగా చెప్పండి. "గేమ్స్ ఆడించండి బ్రదర్" లాంటి ఒక్క లైన్ జవాబులు వద్దు, ప్లీజ్.

కృత్తిక_చూశారా:
బ్రదర్, ముందు పిల్లల్ని గదిలోంచి బయటికి తీసుకురండి. మేం నక్షత్రాలతో మొదలుపెట్టాం, రూపాయి ఖర్చు లేదు. టెలిస్కోప్ కొనాలని ఎవరైనా అంటే ఇప్పుడే వద్దనండి, మొదటి ఏడాది కళ్లు చాలు. డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రం పూట మృగశీర్షం (ఓరియన్) బాగా కనిపిస్తుంది. మధ్యలో ఒకే వరసలో మూడు చుక్కలుంటాయి, అది ఎవరికైనా దొరుకుతుంది. ఆ వరసను ఒక పక్కకి పొడిగిస్తే ఎర్రగా ఉండే రోహిణి, ఇంకాస్త ముందుకెళ్తే కృత్తికల గుంపు. రెండో పక్కకి పొడిగిస్తే సిరియస్, రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశంగా కనిపించే నక్షత్రం. ఇది చూపించాక యోబు 38:31 చదివించండి. కృత్తికలూ మృగశీర్షమూ రెండూ ఆ ఒక్క వచనంలోనే ఉన్నాయి, ఇంతసేపూ చూసినవి అవే అని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది. వచనం ముందు చదివి తర్వాత చూపిస్తే ఆ మజా రాదు, వరస మార్చకండి.

జీకే అక్కడినుంచి దానంతటదే వస్తుంది. కృత్తికల్లో ఎన్ని కనిపిస్తున్నాయో ఒక్కొక్కరిని లెక్కపెట్టమనండి, మామూలుగా ఆరు దగ్గర ఆగుతారు, చూపు బాగున్నవాళ్లు ఏడంటారు, ఇక గొడవ మొదలు. గెలీలియో తన టెలిస్కోప్‌తో చూసి 1610లో అచ్చువేసిన పటంలో అక్కడ 36 చుక్కలు పెట్టాడు. ఆ గుంపు మనకు సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం, అంటే ఈ రాత్రి మన కంట్లో పడే వెలుగు బయల్దేరినప్పుడు గెలీలియో ఇంకా కుర్రాడు. దీన్ని గైడ్ బుక్‌లోంచి చదివి వినిపిస్తే ఒక చెవిన విని వదిలేస్తారు, మెడ పైకెత్తి ఉన్నప్పుడు చెప్తే ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు.

ఒక చిన్న విషయం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, ఈలోపు ఒక్క ఫోన్ వెలిగినా మళ్లీ మొదటికొస్తుంది. పటం చూడాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. ఫోన్ సమస్య కూడా అలా తీరిపోతుంది, తీయమని మీరు అరవక్కర్లేదు, పక్కవాళ్లే అరుస్తారు.

లెక్కల_టీచర్:
పైన చెప్పింది బాగుంది కానీ మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారు? నేను అపొస్తలుల కార్యములు 27 చెప్తాను. పౌలును ఖైదీగా రోమాకు తీసుకెళ్లేటప్పటి ఓడ ప్రయాణం, మధ్యలో తుఫాను. ఈ ఒక్క అధ్యాయంతో నెల రోజులు నడపొచ్చు, అతిశయోక్తి కాదు.

గోడకు మధ్యధరా సముద్రం పటం పెద్దది గీయించండి. కైసరయ, సీదోను, మూర, క్రేతు, ఇప్పటి మాల్టా, సురకూసై, రేగియు, పొతియొలీ, రోమా. దారం, గుండుసూదులు చాలు. ఇక ప్రశ్నలు వాళ్లచేతే వేయించండి. అలెక్సంద్రియ ఓడలో గోధుమలు ఎందుకున్నాయి? రోమా నగరానికి తిండిగింజలు ఐగుప్తు నుంచి వెళ్లేవి కాబట్టి. ఉపవాసదినం (యూదుల ప్రాయశ్చిత్త దినం) దాటిపోయిందని ఈ పుస్తకం రాసిన లూకా ఎందుకు చెప్పాడు? ఆ పండుగ శరదృతువులో వస్తుంది, ఆ తర్వాత ఆ సముద్రంలో ప్రయాణం ప్రమాదం. సూర్యుడూ నక్షత్రాలూ చాలా రోజులు కనబడలేదంటే అంత భయం ఎందుకు? దిక్సూచి లేని కాలం అది, ఎటు పోతున్నారో ఓడవాళ్లకే తెలీదు.

నాకు బాగా ఇష్టమైంది లెక్క. క్రేతు పక్కనున్న చిన్న దీవి దాటాక ఓడ గాలికి కొట్టుకుపోవడం మొదలైంది, పద్నాలుగో రాత్రి నేల దగ్గరపడిందని నావికులు పసిగట్టారు. ఆ దీవి నుంచి మాల్టాకి దాదాపు 880 కిలోమీటర్లు. పదమూడు రోజులతో భాగించండి, రోజుకు 68 కిలోమీటర్ల దగ్గర వస్తుంది, గంటకు మూడు కిలోమీటర్లు కూడా లేదు. మనిషి నడక కంటే నెమ్మది. తెరచాప దాదాపు దించేసిన పెద్ద ఓడ తుఫానులో కొట్టుకుపోయే వేగం సుమారుగా అంతే ఉంటుందని పంతొమ్మిదో శతాబ్దంలో జేమ్స్ స్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన, స్వయంగా పడవ నడిపేవాడు, లెక్కగట్టి 1848లో ప్రచురించాడు. ఏడో తరగతి భాగహారంతో పిల్లలు అదే అంకెకు చేరుకుంటే వాళ్ల మొహాలు చూడాలి.

తర్వాత లోతు కొలవడం. 28వ వచనంలో బుడుదు (లోతు కొలిచే తాడు, బరువు) వేసి ఇరవై బారలు, కాస్త ముందుకెళ్లాక పదిహేను బారలు అని ఉంది. బార అంటే రెండు చేతులూ చాపితే వచ్చే కొలత, సుమారు 1.8 మీటర్లు. తాడుకి బారకొక ముడి వేయించి, చివర బరువు కట్టి, మేడ మీద నుంచి మెల్లగా దించి ముడులు లెక్కపెట్టించండి (కింద ఎవరూ నిలబడకుండా చూసుకోండి). ఆ బరువు అడుగున కొవ్వు పూసేవారు, సముద్రం అడుగున ఉన్న ఇసకో బురదో దానికి అంటుకుని పైకొచ్చేది, దాన్ని చూసి ఎక్కడున్నారో అంచనా వేసేవారు. ఐగుప్తు తీరానికి ఇంకా ఒక రోజు ప్రయాణం ఉండగానే పదకొండు బారల లోతులో బురద తగులుతుందని పౌలు కంటే నాలుగైదు వందల ఏళ్ల ముందే హెరొడోటస్ రాశాడు. ముడులు వేయడం హాబీ, మిగతాదంతా జీకే. వాక్యం ఎక్కడుందని పెద్దలు అడిగితే ఆ తాడు వాళ్ల చేతిలోనే పెట్టండి.

బజర్_బాబాయ్:
అందరూ కలిసి పాపం క్విజ్‌ని చంపేస్తున్నారు. క్విజ్ తప్పు కాదు, ప్రశ్నలు తప్పు. "బైబిల్లో అధ్యాయాలెన్ని" అంటే 1189 అని బట్టీ కొట్టినవాడు చెప్తాడు, దాంతో ఎవరికీ ఒరిగేదేం లేదు. పోటీ అంటే పిల్లలకు ఇష్టం, అది పూర్తిగా తీసేస్తే మగపిల్లలు సగంమంది రావడం మానేస్తారు, నేను చూశాను.

నేను వాడే పద్ధతి ఇది. ఒకే మనిషి గురించి నాలుగు క్లూలు, కష్టమైనది ముందు. "ఈయన తేనెటీగలు పెంచాడు" అంటే నాలుగు మార్కులు. "రోజూ వాతావరణం వివరాలు రాసుకునేవాడు" మూడు. "టీచర్ ఉద్యోగం పరీక్ష తప్పాడు" రెండు. "మఠం తోటలో వేల బఠానీ మొక్కలు పెంచాడు" ఒకటి. గ్రెగర్ మెండెల్. తన పరిశోధన 1866లో అచ్చయింది, 1884లో చనిపోయాడు, దాని విలువ లోకం గుర్తించింది 1900లో. క్లూలు రాసే పని పిల్లలకే అప్పగించండి, టీముకి ఒకరిని ఇవ్వండి. విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసిన జార్జ్ లెమైత్రే ఒక ప్రీస్టు అని మా పిల్లల్లో ఒకమ్మాయి తెచ్చిన క్లూతోనే చాలామంది పెద్దవాళ్లకి తెలిసింది.

ఇంకోటి, బైబిలు మూసి కాదు, తెరిచి ఆడించండి. "తూర్పు దేశపు జ్ఞానులు ఎంతమంది?" అనగానే అందరూ ముగ్గురు అని అరుస్తారు. మత్తయి 2 తీసి చూపించమనండి. కానుకలు మూడున్నాయి, మనుషుల లెక్క లేదు. ఇలాంటి ప్రశ్నకు బట్టీ రాజాలు దెబ్బతింటారు, వెనక బెంచీ లేస్తుంది.

ఆటలు కూడా జీకేనే. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. చలికాలం లోపల ఆడుకోవడానికి ఏదో ఒక ఆట కావాలంటే జేమ్స్ నైస్మిత్ పీచ్ పండ్ల బుట్టలు రెండు పైన బిగించి పదమూడు రూల్స్ రాశాడు. జట్టుకి తొమ్మిది మంది, మొదటి మ్యాచ్ స్కోరు 1-0. వాలీబాల్ కూడా వైఎంసీఏ వాళ్లదే, 1895లో విలియం మోర్గాన్, బాస్కెట్‌బాల్ ఆడితే ఆయాసపడే పెద్దవాళ్ల కోసం. ఒక రోజు ఆ మొదటి మ్యాచ్ లాగే అడుగు మూసి ఉన్న బుట్ట కట్టి ఆడించండి. గోల్ పడ్డ ప్రతిసారీ ఎవరో ఎక్కి బంతి తీయాలి. తర్వాత వాళ్లెవరూ ఆ తేదీ మర్చిపోరు.

శనివారం_సాయంత్రం:
చాలా థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఓడ ఐడియా ఖాయం. ఒక సందేహం, మా దగ్గర పోటీకీ రారు, బయట పరిగెత్తరు, మాట్లాడమంటే తల దించుకుంటారు, అలాంటి పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లకి కూర్చుని చేసేది ఏదైనా?

సంకేత_లిపి:
వాళ్లకి రహస్య లిపి ఇవ్వండి, మౌనంగా చేసే పని, పైగా మిగతావాళ్లే వచ్చి వీళ్లని బతిమాలతారు. యిర్మీయా 25:26లో "షేషకు రాజు" అని ఉంటుంది. ఆ పేరుతో ఏ దేశమూ పటంలో దొరకదు. హెబ్రీ అక్షరాలు 22. మొదటిదాని బదులు చివరిది, రెండోదాని బదులు చివర్నుంచి రెండోది రాస్తే అది అత్బాష్ అనే లిపి. హెబ్రీలో బబులోను పేరు బాబెల్, అందులో హల్లులు బ, బ, ల. బ మొదటినుంచి రెండోది, ష చివర్నుంచి రెండోది. ల పన్నెండోది, చివర్నుంచి పన్నెండోది క. ష, ష, క. బబులోనే! సరదా ఏంటంటే 51:41లో షేషకు, బబులోను రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి, మరి దాచడం ఎందుకు? జవాబు మీరు చెప్పకండి, వాదించుకోనివ్వండి.

తెలుగులో కూడా చేయొచ్చు. క నుంచి మ దాకా ఇరవై అయిదు తిరగేయండి, క బదులు మ, ఖ బదులు భ, అలా. య నుంచి ళ దాకా (య ర ల వ శ ష స హ ళ) విడిగా తిరగేయండి. గుణింతాలు ముట్టుకోవద్దు. మోషే "కోవే" అవుతాడు, యోబు "ళోగు", దానియేలు "జాచిళేసు". ప, త వస్తే ఙ, ఞ అవుతాయి, పలకడానికి నోరు తిరగదు కానీ రాతకి బాగానే ఉంటుంది. ఏ రెండు అక్షరాలు మారకుండా మిగిలిపోతాయో కనుక్కోమనండి (డ, శ, కానీ చెప్పకండి).

అది అయ్యాక బ్రెయిలీకి వెళ్లండి. లూయీ బ్రెయిలీ మూడేళ్లప్పుడు నాన్న వర్క్‌షాప్‌లో తోలుకి బెజ్జాలు వేసే పనిముట్టు కంటికి గుచ్చుకుంది, కొన్నాళ్లకి రెండు కళ్లూ పోయాయి. సైన్యం కోసమని ఒకాయన తయారుచేసిన పన్నెండు చుక్కల పద్ధతిని ఆరుకి తగ్గించి పదిహేనేళ్లకే లిపి చేశాడు, 1829లో అచ్చువేశాడు, పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించాడు. ఆరు చుక్కలతో ఎన్ని గుర్తులు వస్తాయి? 63. దళసరి కాగితం, లావు సూది ఇస్తే పిల్లలే పొడుస్తారు. కాగితం వెనక నుంచి పొడవాలి కాబట్టి కుడి నుంచి ఎడమకి, అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. అలా రాశాక తిప్పి, కళ్లు మూసుకుని వేలితో చదవమంటే అసలు కష్టం అప్పుడు తెలుస్తుంది. మీ సంఘంలో బ్రెయిలీ చదివే పెద్దవారెవరైనా ఉంటే పిలవండి, మాట్లాడని పిల్లలు కూడా ఆయన్ని ప్రశ్నలు అడుగుతారు.

పిట్టల_పిచ్చి:
ఒక్క మాట, కాస్త కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోవద్దు. పెద్దలు అడిగారని ప్రతి హాబీకీ ఒక వచనం తెచ్చి అతికించకండి. ఓడకీ నక్షత్రాలకీ అది సహజంగా కుదిరింది, స్టాంపులు సేకరించడానికీ గిటార్ తీగలు మార్చడానికీ కుదరదు, కుదిర్చితే పిల్లలు నవ్వుకుంటారు. నేను పక్షులు చూపిస్తాను. "ఆకాశపక్షులను చూడుడి" అని మత్తయి 6లో ఉంది కదా, ఆ "చూడుడి" అన్నదాన్నే మేం ఉన్నదున్నట్టు పాటిస్తాం. గంటసేపు చూసి ముక్కు ఆకారం, కాళ్ల రంగు, ఏం తింటోంది అని నోటుబుక్‌లో రాయాలి, ప్రసంగం ఉండదు. కొంగలకు తమ కాలం తెలుసని యిర్మీయా 8:7లో ఉన్న సంగతి ఎప్పుడో వలస పక్షుల మాట వచ్చినప్పుడు చెప్తాను, రాకపోతే లేదు. జాన్ స్టాట్ అంత పెద్ద బోధకుడు, బైనాక్యులర్ లేకుండా ఏ దేశమూ వెళ్లేవాడు కాదంటారు, పెద్దలకి ఆయన పేరు చెప్తే సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

బజర్_బాబాయ్:
గిటార్ తీగలకి, తంతివాద్యాలతో స్తుతించమనే కీర్తన 150 ఉందిగా 😄

పిట్టల_పిచ్చి:
అదిగో, సరిగ్గా ఇదే వద్దంటున్నా.

శనివారం_సాయంత్రం:
హహ. సరే, వచ్చే వారం తాడుతో మొదలుపెడుతున్నా, మాట్లాడని పిల్లలకి పటం మీద ఊళ్ల పేర్లు రహస్య లిపిలో రాసే పని ఇస్తాను, మిగతావాళ్లు విప్పుకుంటేనే ఓడ ముందుకి కదుల్తుంది. టీచర్ గారూ, ఒక్కొక్కరి బార ఒక్కోలా ఉంటుంది కదండీ, ముడులు ఎవరి చేతులతో వేయించాలి?

లెక్కల_టీచర్:
ముందు అందరి బారా కొలిపించి, సగటు తీసి, 1.8 మీటర్లకి ఎంత దగ్గరగా వస్తుందో బోర్డు మీద రాయండి. పన్నెండేళ్ల వాళ్ల వల్ల తగ్గుతుంది, ఎందుకు తగ్గిందో వాళ్లే చెప్పాలి. బార దాదాపు ఎవరి ఎత్తుకి వాళ్లదే సమానం, అది కూడా పనిలో పనిగా కొలిపించండి. ముడులు మాత్రం పెద్దపిల్లల్లో ఒక్కరిచేతే వేయించండి, లేకపోతే తాడుకి అర్థం ఉండదు. ఇరవై బారలంటే 36 మీటర్లు, మీ మేడ అంత ఎత్తు ఉండదు, కాబట్టి అయిదు బారలు మేడ మీద నుంచి కొలిచి మిగతాది నేల మీద పరిచి చూపించండి. నైలాన్ తాడు వద్దు, బరువుకి సాగుతుంది. నూలు తాడు తీసుకోండి.