'ఇజింట్ ఇట్?' అని అన్నిటికీ తగిలిస్తే తప్పేంటి?

పాతపలక
ఆఫీసులో కాఫీ మిషను దగ్గర ఒకాయన "యూ ఆర్ కమింగ్ టుమారో, ఇజింట్ ఇట్?" అన్నాడనుకోండి. పక్కనున్నావిడ టక్కున "ఆరెంట్ యూ అనాలి" అని దిద్దింది. ఆయన నోరు మూతపడింది, కబుర్లూ ఆగిపోయాయి. తప్పెవరిది? పిచ్చాపాటీకి స్టాండర్డ్ ఇంగ్లీషు కావాలా, అక్కర్లేదా?

కచ్చితం_కామయ్య
ఆయనదే. ఇంగ్లీషులో ఆ తోక ముందున్న క్రియని బట్టి మారుతుంది. 'ఆర్' ఉంటే 'ఆరెంట్', 'డిడ్' ఉంటే 'డిడెంట్'. సహాయక క్రియ లేకపోతే 'డు' తెచ్చుకోవాలి: "హీ వర్క్స్ హియర్, డజంట్ హీ?" ముందు వాక్యంలో 'కాదు, లేదు' ఉంటే తోక తిరగబడుతుంది: "హీ కాంట్ స్విమ్, కెన్ హీ?" వంకరవీ ఉన్నాయి, "ఐ యామ్ లేట్, ఆరెంట్ ఐ?" లాంటివి. రోజుకో పది వాక్యాలు పైకి చదివితే కొన్నాళ్ళకి నాలుక మీదికొచ్చేస్తుంది. ఆ మాత్రం కష్టపడకుండా 'ఇది ఇండియన్ ఇంగ్లీషు' అని జెండా ఎత్తడం బద్ధకం.

లండన్_లచ్చి
కామయ్య గారూ, తోక ఆకారం చెప్పారు, అది చేసే పని చెప్పలేదు. చివర్లో గొంతు కిందికి దించితే అది ప్రశ్నే కాదు, 'నాతో ఔననండి' అనే పిలుపు. పైకి లేపితే నిజంగానే తెలీక అడుగుతున్నట్టు. "నైస్ డే, ఇజింట్ ఇట్?" అని దించినప్పుడు ఎదుటివాళ్ళు "ఓ, ఇట్స్ లవ్లీ" అని ఒక మెట్టు పెంచి ఒప్పుకోవాలి. అక్కడ "యస్, ఇరవై నాలుగు డిగ్రీలు" అంటే వ్యాకరణం బతికింది, కబురు చచ్చింది.
ఇక లండన్ కుర్రకారు నోట క్రియ ఏదైనా 'ఇనిట్' ఒక్కటే. "వీ నీడ్ టు గో నౌ, ఇనిట్." పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే మరి.

ఓరుగల్లు_రాజన్న
మనకు 'గదా' ఒక్కటే గదా అన్నా. రేపొస్తవు గదా, బువ్వ తిన్నవు గదా, వాడు రాలే గదా. క్రియ ఏదైతేంది, తోక అదే. ఫ్రెంచోళ్ళకు గూడ 'నెస్పా' ఒక్కటే. వాక్యానికో తోక కుట్టుడు ఇంగ్లీషోళ్ళ వింత. మనోడు 'గదా'ను తీస్కపోయి 'ఇజింట్ ఇట్' చేసిండు. గంతే.

కచ్చితం_కామయ్య
కారణం దొరికితే తప్పు ఒప్పైపోదు రాజన్నా. దోమ వల్ల వచ్చిందని తెలిసినంత మాత్రాన మలేరియా తగ్గదు. విదేశాలకెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్ భాగం చూడండి. 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడించడమే. మార్కుల్లో నాలుగో వంతు వ్యాకరణానికే.

నిలువుటద్దం
మిగతా మూడు వంతులు దేనికో కూడా చెప్పండి సార్.

కచ్చితం_కామయ్య
ధారాళంగా, పొంతనగా మాట్లాడడానికొకటి, పదసంపదకొకటి, ఉచ్చారణకొకటి. అయితే?

నిలువుటద్దం
ఏం లేదు, అడిగానంతే.

లండన్_లచ్చి
నిలువుటద్దం గారు అడిగింది చిన్న విషయం కాదు. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి ఎంతసేపు పడుతుందని పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించారు. సగటున సెకనులో ఐదో వంతు. బొమ్మ చూపించి పేరు చెప్పమంటేనే అర సెకను పైన పడుతుంది. అంటే ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగానే మనం జవాబు వండుకుంటూ ఉంటాం. ఆ వంట మధ్యలో 'ఆరెంటా, ఇజింటా' అని తనిఖీ పెట్టుకుంటే మన వంతు దాటిపోతుంది. నిశ్శబ్దం సెకను దాకా సాగిందా, 'ఈయనకి నచ్చలేదు' అనుకుంటారు. నోట్లో వాక్యం సిద్ధంగా లేకపోతే ముందు "వెల్" అనో "యా, ఐ మీన్" అనో ఒక చెయ్యి అడ్డం పెట్టండి, వంతు మీ దగ్గరే ఉంటుంది.

జవాబుకి మూడు ముక్కలు చాలు: జవాబు, దానికో వివరం, తిరిగి వాళ్ళకో ప్రశ్న. "హౌ వాజ్ యువర్ వీకెండ్?" అంటే "గుడ్" దగ్గర ఆపితే తలుపు మూసినట్టే. "గుడ్, మొత్తానికి బాల్కనీలో గులాబీలు నాటాను. నీ సంగతి?" అంటే పట్టుకోవడానికి ఓ కొస దొరుకుతుంది. అలాగని ఇల్లెక్కడ, అద్దెంత, పిల్లలెందరు అని వరసపెట్టి అడిగితే మనకి ఆప్యాయత, అక్కడ వాకబు. రెండు ప్రశ్నలకొకసారి మన ముక్క ఒకటి వెయ్యాలి.

దిద్దడం సంగతి. మనుషుల మాటల తీరు మీద పరిశోధన చేసిన సాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ 1977లోనే చూపించారు, మామూలు సంభాషణలో తప్పు పలికినవాళ్ళే దిద్దుకునేలా అవతలివాళ్ళు కాస్త ఆగుతారు. ఎదురుగా దిద్దడం అరుదు, దిద్దినా తటపటాయించి దిద్దుతారు. అంతకన్నా మంచి దారి, దిద్దినట్టు తెలీకుండా జవాబులో కలిపెయ్యడం. "ఐ యామ్ నోయింగ్ హిమ్" అంటే "ఓ, యూ నో హిమ్? ఫ్రమ్ వేర్?" అంతే. ఒప్పు చెవిన పడింది, మాటా సాగింది. ఆ కాఫీ దగ్గరావిడ చెయ్యనిది ఇదే.

కచ్చితం_కామయ్య
అంటే తప్పు విని నవ్వుతూ ఊరుకోమంటారు. లండన్లో కూర్చుని ఔదార్యం చూపించడం తేలికేనమ్మా.

లండన్_లచ్చి
నేనెక్కడ కూర్చున్నానో మీకనవసరం. చదవకుండా జవాబు రాస్తున్నారు. 'ఊరుకోమని' ఏ వాక్యంలో అన్నాను?

ఓరుగల్లు_రాజన్న
నేనొక్కటి అడుగుత, కోపం చేసుకోకుండ్రి. స్టాండర్డ్ అంటే ఎవలది? సినిమాల్ల ఏండ్లకేండ్లు మా మాట రౌడీకి పెట్టిండ్రు, జోకరుకు పెట్టిండ్రు. కృష్ణా గోదావరి దిక్కు మాట్లాడింది పుస్తకంల భాషయింది, మేము మాట్లాడింది 'యాస' అయింది. ఇప్పుడు ఇంగ్లీషుల గూడ గదే బెత్తం పట్టుకొచ్చిండ్రు. భాష తెల్సినోళ్ళే అంటున్నరు గదా, స్టాండర్డ్ ఇంగ్లీషు గూడ ఒక మాండలికమే, గద్దెనెక్కిన మాండలికం అని.

నిలువుటద్దం
'యూ' అన్నదే ఒకప్పుడు 'మీరు'. 'నువ్వు'కి 'దౌ' ఉండేది. మర్యాద ముదిరి నువ్వు పోయింది, అందుకే ఒక్కడితో మాట్లాడినా 'యూ ఆర్'. ఆ లెక్కన ఇంగ్లీషోళ్ళందరూ ఒకరినొకరు మీరు అనుకుంటున్నారు.

కచ్చితం_కామయ్య
రాజన్నా, మీ యాస విని నవ్వింది నేను కాదు. గ్రాంథికం వద్దన్న గిడుగు రామమూర్తి గారు కూడా ఎవరి నోటికొచ్చింది వాళ్ళు రాయమనలేదు, శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాష, అన్నారు. గీత ఎక్కడో గియ్యాలి.

ఓరుగల్లు_రాజన్న
ఆ శిష్టులు ఎవలన్నదే గదా సారూ అసలు పంచాయితి!

నిర్వాహకుడు
వ్యక్తిగతాలు వద్దు. పైన ఒకరి వ్యాఖ్య మొత్తం తీసేశాను.

కచ్చితం_కామయ్య
సరే, నా మంట అసలు ఎక్కడుందో చెప్తాను. డబ్బున్నింటి పిల్ల 'ఇనిట్' అంటే ఫ్యాషను. సర్కారు బళ్ళో చదివినవాడు 'ఇజింట్ ఇట్' అంటే ఇంగ్లీషు రాదని పక్కన పెడతారు. ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నవాడికి మాండలికాల శాస్త్రం తెలీదు. గుమ్మం దగ్గర కాపలావాడు ఉన్నన్నాళ్ళు, పిల్లవాడికి తాళంచెవి ఇవ్వకుండా 'అసలా తాళమే అన్యాయం' అని ఉపన్యాసం ఇస్తే వాడు బయటే ఉంటాడు. ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ జేబులో మాత్రం తాళంచెవి ఉంటుంది.

లండన్_లచ్చి
ఈ ముక్క మొదటే రాసుంటే ఇంత దూరం వచ్చేది కాదు. 1990లో ఇంగ్లీషు వ్యాకరణ పండితుడు రాండల్ఫ్ క్వర్క్ దాదాపు మీలాగే వాదించాడు, స్టాండర్డ్ అందకుండా చేస్తే నష్టపోయేది నేర్చుకునేవాళ్ళేనని. మరుసటేడు మన దేశంలో పుట్టిన భాషావేత్త బ్రజ్ కచ్రు కాదన్నాడు, మన దేశాల్లో ఇంగ్లీషు మన నేల మీద పెరిగింది, దాన్ని లండన్ కొలబద్దతో కొలవకండని. నేను కచ్రు వైపే. కానీ తాళంచెవి ఇవ్వొద్దని అనను. క్లాసులో ఇవ్వండి, ఈమెయిల్ రాసేటప్పుడు ఇవ్వండి. కాఫీ తాగేవాడి గొంతులో గుచ్చకండి.

కచ్చితం_కామయ్య
క్లాసులో నేర్చింది కాఫీ దగ్గర వాడకపోతే ఇంకెక్కడ అలవాటవుతుంది?

ఓరుగల్లు_రాజన్న
ముందుగాల నోరు తెరవనియ్యిండ్రి సారూ. తెరిచినంక అలవాటు సంగతి.

కొత్తగా_చేరా
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. రేపు మా మేనేజరుతో కాల్ ఉంది, మొదట ఐదు నిమిషాలు ఇవే కబుర్లు. వీకెండ్ ఎలా గడిచిందంటే "ఐ హావ్ గాన్ టు శ్రీశైలం లాస్ట్ వీక్" అని రాసి పెట్టుకున్నా. పర్లేదా?

కచ్చితం_కామయ్య
ఓ, యూ వెంట్ టు శ్రీశైలం లాస్ట్ వీక్? గేట్లు ఎత్తారా అప్పటికి?